హెలికోబాక్టర్ పైలోరీ మొండికేస్తే: నాలుగు మందుల కోర్సులో ఏ మాత్ర ఏం చేస్తుంది, ఎక్కడ తప్పుతుంది

ఎండోస్కోపీ రిపోర్టులో, కడుపులో పుండ్లు తెచ్చే హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా ఉందని తేలితే చాలాచోట్ల ఇప్పటికీ చేతికొచ్చే చీటీ ఒకటే. పొద్దునా రాత్రీ ఒక యాసిడ్ తగ్గించే మాత్ర, క్లారిత్రోమైసిన్ 500 మి.గ్రా., అమాక్సిసిలిన్ 1 గ్రాము. మూడూ ఒకే కిట్‌లో దొరుకుతాయి కాబట్టి రాయడమూ తేలికే, మింగడమూ తేలికే. యాసిడ్ తగ్గేసరికి నొప్పి వారంలోపే తగ్గుతుంది. బాక్టీరియా చచ్చిందో లేదో మాత్రం ఎవరూ చూడరు. కొన్ని నెలలకు మంట తిరిగొస్తే మళ్ళీ అదే కిట్.

ఆ రెండో కిట్ వద్దని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. క్లారిత్రోమైసిన్ కోర్సు మొత్తం వాడినా చావని బాక్టీరియా ఆ మందుకు ముందునుంచే లొంగనిదై ఉంటుంది, లేదా ఆ కోర్సులోనే అలా మారి ఉంటుంది. ఏదైనా సరే, అదే మందు మళ్ళీ ఇస్తే ఫలితం ఉండదు. మోతాదు రెట్టింపు చేసినా ఉండదు. అప్పుడు కావలసింది వేరే మందుల కలయిక: యాసిడ్ తగ్గించే మాత్ర, బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్ ఉన్న నాలుగు మందుల కోర్సు. అదీ పూర్తి మోతాదులో, 14 రోజుల పాటు.

చంపడం ఎందుకింత కష్టం

ఈ బాక్టీరియాను 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ మొదటిసారి ప్రయోగశాలలో పెంచగలిగారు. 1984లో మార్షల్ తానే దాన్ని తాగి జీర్ణాశయపు వాపు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అంతకుముందే, 1994లో, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. కాబట్టి నొప్పి తగ్గిందా లేదా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న కాదు. బాక్టీరియా పూర్తిగా పోయిందా లేదా అన్నదే ప్రశ్న.

ఖాళీ కడుపులో పీహెచ్ 1, 2 మధ్య ఉంటుంది. చాలా సూక్ష్మజీవులు ఆ పులుపులో బతకలేవు. హెలికోబాక్టర్ దగ్గర యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంది. అది యూరియాను విడగొట్టి అమ్మోనియాను, కార్బన్ డయాక్సైడ్‌ను తయారుచేస్తుంది. అమ్మోనియా చుట్టూ ఉన్న ఆమ్లాన్ని విరిచేస్తుంది. ఆ రక్షణలో బాక్టీరియా జిగురు పొరలోకి దూరి, జీర్ణాశయపు గోడకు అతుక్కుని కూర్చుంటుంది. పైనుంచి మింగిన మందు ఆ పొర లోపలిదాకా చేరాలి, చేరాక అక్కడి ఆమ్లంలో చెడిపోకుండా నిలవాలి.

ఇంకో చిక్కు ఉంది. పులుపు ఎక్కువగా ఉన్నంతసేపు ఈ బాక్టీరియా పెద్దగా విభజన చెందదు, ఊరికే బతికి ఉంటుంది. అమాక్సిసిలిన్ లాంటి మందులు విభజన చెందుతున్న బాక్టీరియానే చంపగలవు, ఎందుకంటే అవి కొత్త కణగోడ కట్టుకునే పనిని అడ్డుకుంటాయి. పీహెచ్ 6 దాటితే బాక్టీరియా చురుగ్గా పెరగడం మొదలుపెడుతుంది, మందుకు దొరుకుతుంది. క్లారిత్రోమైసిన్ కూడా పులుపులో బలం కోల్పోతుంది. అందుకే యాసిడ్ తగ్గించే మాత్ర ఈ కోర్సులో నొప్పి కోసం ఇచ్చే తోడు మాత్ర కాదు, యాంటీబయాటిక్‌తో సమానమైన భాగం. యాంటీబయాటిక్‌లన్నీ క్రమం తప్పకుండా మింగి, 'మంట లేదు కదా' అని దీన్ని మానేసినవాళ్ళలో కోర్సు ఊరికే పాడవుతుంది.

ఒకే యాంటీబయాటిక్ ఎందుకు చాలదంటే, లక్షలకు లక్షల బాక్టీరియాలో ఏ ఒక్క మందుకైనా లొంగనివి కొన్ని పుట్టుకతోనే ఉంటాయి. ఒకే మందు ఇస్తే మిగతావన్నీ చచ్చి, ఆ కొన్నే మిగిలి కడుపంతా నిండుతాయి. వేర్వేరు చోట్ల దెబ్బకొట్టే రెండు మందులు ఒకేసారి ఇస్తే, రెండింటికీ లొంగని బాక్టీరియా ఉండే అవకాశం బాగా తగ్గుతుంది. ఈ లెక్క నిలవాలంటే ఒక షరతు ఉంది: రెండు మందులూ నిజంగా పనిచేస్తూ ఉండాలి. క్లారిత్రోమైసిన్‌కు ముందే లొంగని బాక్టీరియా మీద మూడు మందుల కిట్ వాడితే, అక్కడ పనిచేసే యాంటీబయాటిక్ అమాక్సిసిలిన్ ఒక్కటే, అదీ రోజుకు రెండుసార్లే. పైకి ఉమ్మడి చికిత్సలా కనిపిస్తుంది కానీ జరిగేది ఒంటి మందు చికిత్స.

అన్ని నిరోధకతలూ ఒకటి కావు

క్లారిత్రోమైసిన్ బాక్టీరియా రైబోసోమ్‌కు అతుక్కుని ప్రోటీన్ తయారీని ఆపుతుంది. రైబోసోమ్‌లోని 23ఎస్ ఆర్ఎన్ఏలో 2142 లేదా 2143 స్థానంలో ఒక్క అక్షరం మారితే చాలు, మందు అతుక్కునే చోటు పోతుంది. ఇందులో కొంచెం పనిచేయడం, ఎక్కువ పనిచేయడం అన్నది లేదు. అందుకే మోతాదు పెంచి లాభం లేదన్నాను. ఈ మార్పు ఉన్న బాక్టీరియా అజిత్రోమైసిన్‌కూ ఎరిత్రోమైసిన్‌కూ కూడా లొంగదు. గొంతునొప్పికీ దగ్గుకూ గతంలో వాడిన అజిత్రోమైసిన్ కోర్సులు ఇక్కడ లెక్కలోకి వచ్చేది ఇందుకే. ఆ మందు వాడింది కడుపు కోసం కాకపోయినా, కడుపులోని బాక్టీరియా దాన్ని చూసే ఉంటుంది. క్లారిత్రోమైసిన్‌కు లొంగని హెలికోబాక్టర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ప్రకటించిన ప్రమాదకర బాక్టీరియాల జాబితాలో అధిక ప్రాధాన్య వర్గంలో చేర్చింది.

లివోఫ్లాక్సాసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్‌దీ ఇదే కథ. గైర్-ఏ జన్యువులో మార్పు వస్తే మందు పనికిరాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు, విరేచనాలకు వాడిన సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ కూడా ఆ మార్పును తెచ్చిపెట్టగలవు.

మెట్రోనిడజోల్ సంగతి వేరు. ఇది బాక్టీరియా లోపలికి వెళ్ళాక అక్కడి ఎంజైమ్‌ల వల్లే విషంగా మారి పనిచేస్తుంది. ఆర్‌డీఎక్స్-ఏ లాంటి జన్యువులు దెబ్బతింటే ఆ మార్పిడి మందగిస్తుంది, కానీ చాలాసార్లు పూర్తిగా ఆగదు. అందుకే ల్యాబ్‌లో 'రెసిస్టెంట్' అని వచ్చిన బాక్టీరియాను కూడా రోజుకు 1500 నుంచి 2000 మి.గ్రా. మోతాదుతో, 14 రోజులు, బిస్మత్ తోడుగా ఇస్తే చాలామందిలో లొంగదీయవచ్చు. నాలుగు మందుల కోర్సు నిలబడింది ఈ ఒక్క వెసులుబాటు మీదే. మోతాదు తగ్గిస్తే ఆ వెసులుబాటు పోతుంది.

అమాక్సిసిలిన్, టెట్రాసైక్లిన్, రిఫాబ్యుటిన్‌లకు లొంగని హెలికోబాక్టర్ చాలాచోట్ల ఇప్పటికీ అరుదు. బిస్మత్ అసలు యాంటీబయాటిక్ కాదు, లోహ లవణం. బాక్టీరియా కణగోడను, ఎంజైమ్‌లను, గోడకు అతుక్కునే శక్తిని ఒకేసారి పలుచోట్ల దెబ్బతీస్తుంది కాబట్టి దానికి నిరోధకత అనే ఇబ్బంది ఎదురవదు. రక్తంలోకి చాలా తక్కువగా ఎక్కుతుంది, పని అంతా కడుపులోనే.

నాలుగు మందుల కోర్సు, పూర్తి మోతాదులో

స్థానిక బాక్టీరియా దేనికి లొంగుతుందో పరీక్ష ద్వారా తెలియనప్పుడు, లేదా క్లారిత్రోమైసిన్ నిరోధకత 15 శాతం దాటిన చోట, మొదటిసారికే ఈ కోర్సు వాడాలని యూరప్ నిపుణుల 2022 మాస్ట్రిక్ట్ సిఫారసులు చెబుతున్నాయి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2024 మార్గదర్శకాలూ అదే మాట అంటున్నాయి. మొదటిసారి అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. ప్రతి విఫలమైన కోర్సూ ఒకటో రెండో మందుల్ని చేతిలోంచి లాగేసుకుంటుంది. చంపడానికి అన్నిటికంటే మంచి అవకాశం మొదటి ప్రయత్నంలోనే ఉంటుంది.

మోతాదులు ఇవి, పెద్దవాళ్ళకు, 14 రోజులు:

యాసిడ్ తగ్గించే పీపీఐ మాత్ర రోజుకు రెండుసార్లు. బిస్మత్ సబ్‌సిట్రేట్ 120 నుంచి 300 మి.గ్రా., లేదా సబ్‌శాలిసిలేట్ 300 మి.గ్రా., రోజుకు నాలుగుసార్లు. టెట్రాసైక్లిన్ 500 మి.గ్రా. నాలుగుసార్లు. మెట్రోనిడజోల్ 500 మి.గ్రా. మూడు లేదా నాలుగుసార్లు, 400 మి.గ్రా. మాత్రే దొరికితే నాలుగుసార్లు.

అన్నీ కలిపి రోజుకు 13, 14 మాత్రలు అవుతాయి. ఎక్కువే. ఆ సంఖ్య చూసి తగ్గించాలనే కోరిక రాసేవాళ్ళకూ కలుగుతుంది, మింగేవాళ్ళకూ కలుగుతుంది. కోర్సు చెడిపోయేది సరిగ్గా అక్కడే. మెట్రోనిడజోల్ 400 మి.గ్రా. రోజుకు రెండుసార్లు రాస్తే మొత్తం 800 మి.గ్రా., అంటే కావలసినదాంట్లో సగం. నిరోధకతను దాటే బలం దానికి ఉండదు. 14 రోజులకు బదులు 7 రోజులు రాస్తే, జిగురు పొర లోతుల్లో నెమ్మదిగా పెరిగే బాక్టీరియా మిగిలిపోతుంది. టెట్రాసైక్లిన్ దొరకలేదని డాక్సీసైక్లిన్ రాయడం ఇంకో మామూలు పొరపాటు. రెండూ ఒకే కుటుంబమే, డాక్సీసైక్లిన్‌కు రోజుకు రెండు మాత్రలే చాలు, కానీ హెలికోబాక్టర్ మీద దాని ఫలితాలు తక్కువగా ఉంటాయి. టెట్రాసైక్లిన్ దొరకకపోతే డాక్సీసైక్లిన్ కంటే వేరే కలయికకు మారడమే మెరుగని నా అభిప్రాయం.

పీపీఐ ఎంపిక గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ జరిగే నష్టం బయటికి కనిపించదు. 'ఏ గ్యాస్ మాత్రైనా ఒకటే' అనే మాట ఈ కోర్సు విషయంలో నిజం కాదు. ఒమెప్రజోల్‌తో పోల్చి చూస్తే పాంటోప్రజోల్ 40 మి.గ్రా. ఇచ్చే బలం సుమారు 9 మి.గ్రా. ఒమెప్రజోల్‌కు సమానం. లాన్సోప్రజోల్ 30 మి.గ్రా. 27కి, ఎసోమెప్రజోల్ 20 మి.గ్రా. 32కి, రాబెప్రజోల్ 20 మి.గ్రా. 36కి సమానం. అంటే పాంటోప్రజోల్ 40 రోజుకు రెండుసార్లు వేసినా, రాబెప్రజోల్ 20 ఒక్కసారి వేసినంత కూడా రాదు. దీనికితోడు కొందరి కాలేయం ఒమెప్రజోల్‌నూ లాన్సోప్రజోల్‌నూ చాలా వేగంగా విరిచేస్తుంది. సీవైపీ2సీ19 అనే ఎంజైమ్ వాళ్ళలో పుట్టుకతోనే చురుగ్గా ఉంటుంది. రాబెప్రజోల్, ఎసోమెప్రజోల్‌ల మీద ఆ ప్రభావం తక్కువ. కాబట్టి ఈ రెండు వారాలకు ఆ రెండిట్లో ఒకదాన్ని ఎంచుకోవడం మంచిది.

ఒక రోజు ఎలా గడవాలి

పీపీఐ మాత్ర పొద్దున టిఫినుకు అరగంట నుంచి గంట ముందు, రాత్రి భోజనానికి అంతే ముందు, పరగడుపున. ఈ మాత్ర కడుపులో యాసిడ్ పంపులు తెరుచుకుని పనిచేస్తున్నప్పుడే వాటిని పట్టుకోగలదు. పంపులు తెరుచుకునేది తిండి లోపలికి వెళ్ళినప్పుడు. ఆ సమయానికి మందు రక్తంలో సిద్ధంగా ఉండాలి. తిన్నాక వేసుకుంటే సగం పని వృథా.

మిగతా మూడూ టిఫిను తర్వాత, మధ్యాహ్న భోజనం తర్వాత, రాత్రి భోజనం తర్వాత, పడుకోబోయే ముందు. మెట్రోనిడజోల్ మూడుసార్లే రాసి ఉంటే పడుకునే ముందు మోతాదులో అది ఉండదు. తిన్న తర్వాత వేసుకోవడం వల్ల వికారం తగ్గుతుంది. కడుపు ఖాళీ అవడం నెమ్మదించి మందు గోడ దగ్గర ఎక్కువసేపు నిలుస్తుంది కూడా.

టెట్రాసైక్లిన్‌ను నిండు గ్లాసు నీళ్ళతో మింగాలి. మింగాక కనీసం అరగంట, వీలైతే గంట నడుం వాల్చకూడదు. ఈ క్యాప్సూల్ అన్నవాహికలో ఇరుక్కుంటే అక్కడే పుండు చేస్తుంది. ఛాతీలో గుచ్చినట్టు నొప్పి, గుటక వేయలేకపోవడం దాని గుర్తులు. పడుకునే ముందు మోతాదు దగ్గర జాగ్రత్త పడాల్సింది దీనికే. మంచం ఎక్కి, ఒక గుక్క నీళ్ళతో మింగి, వెంటనే పడుకోవడమే చాలామంది చేసే పొరపాటు.

పాలు, పెరుగు, కాల్షియం మాత్రలు, ఐరన్, జింక్, మెగ్నీషియం లేదా అల్యూమినియం ఉన్న యాంటాసిడ్ సిరప్‌లు టెట్రాసైక్లిన్‌ను పట్టుకుని గట్టిపడేలా చేస్తాయి. దాంతో అది పనికిరాకుండా పోతుంది. వీటికీ మందుకూ మధ్య కనీసం రెండు, మూడు గంటల ఎడం ఉండాలి. రక్తహీనతకు ఐరన్ వాడుతున్నవాళ్ళు, అత్యవసరం కాకపోతే, ఈ రెండు వారాలు ఆపుకోవచ్చా అని డాక్టరును అడగడం మేలు. ఐరన్ కూడా మలాన్ని నల్లగా మారుస్తుంది కాబట్టి అయోమయం ఒకటి తగ్గుతుంది.

మెట్రోనిడజోల్ వాడే అన్ని రోజులూ, ఆ తర్వాత ఇంకో మూడు రోజులూ మద్యం ముట్టకూడదు. వాంతులు, గుండెదడ, ముఖం ఎర్రబడడం రావచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్ళలో మెట్రోనిడజోల్ రక్తాన్ని మరింత పలచన చేస్తుంది. కోర్సు మొదలైన కొద్ది రోజుల్లోనే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చూపే పరీక్ష) చూడాలి. మానసిక జబ్బుకు లిథియం వాడేవాళ్ళలో రక్తంలో లిథియం స్థాయి పెరుగుతుంది. గుండెకు స్టెంట్ వేసి క్లోపిడోగ్రెల్ వాడుతున్నవాళ్ళకు ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ బదులు రాబెప్రజోల్ సురక్షితం. క్లారిత్రోమైసిన్ ఉన్న కోర్సు అయితే జాగ్రత్తలు ఇంకా ఎక్కువ. కొలెస్ట్రాల్‌కు వాడే సిమ్వాస్టాటిన్, గౌట్‌కు వాడే కోల్చిసిన్‌లతో దాన్ని కలపకూడదు.

ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవచ్చు. తర్వాతి మోతాదు దగ్గరపడితే వదిలేసి ముందుకు సాగాలి, రెండు కలిపి మింగకూడదు. 14 రోజుల మాత్రలు మొదటి రోజే మొత్తం కొని, ఏ పూటవి ఆ పూటకు విడదీసి పెట్టుకున్నవాళ్ళు కోర్సు చివరిదాకా వెళ్ళే అవకాశం ఎక్కువ. మధ్యలో మందు అయిపోయి రెండు రోజులు ఖాళీ వచ్చిందంటే, మిగిలిన బాక్టీరియాకు కోలుకునే వ్యవధి ఇచ్చినట్టే. పొగ తాగేవాళ్ళలో విఫలమయ్యే అవకాశం ఎక్కువ. కనీసం ఈ రెండు వారాలైనా మానగలిగితే మంచిది.

ఏది మామూలు, ఏది ప్రమాదం

నోట్లో లోహపు రుచి, వికారం, పలచటి విరేచనాలు, మూత్రం ముదురు రంగు మెట్రోనిడజోల్‌తో మామూలే. నాలుక, మలం నల్లబడడం బిస్మత్ వల్ల. నోట్లోనూ పేగులోనూ ఉండే గంధకంతో కలిసి అది నల్లటి బిస్మత్ సల్ఫైడ్ అవుతుంది. మందు ఆపిన కొద్ది రోజుల్లో పోతుంది. ఇవన్నీ ముందే చెప్పి కోర్సు మొదలుపెట్టాలి. చెప్పకపోతే మూడో రోజు నల్లటి మలం చూసి, పుండు నుంచి రక్తం పడుతోందని భయపడి మందులన్నీ ఆపేస్తారు.

అలాగని నల్లటి మలాన్నంతా బిస్మత్ ఖాతాలో వేయడమూ తప్పే. బిస్మత్ మలం గట్టిగా, మామూలు వాసనతో, నల్లగా లేదా ముదురు పచ్చగా ఉంటుంది. రక్తం పడిన మలం తారులా జిగటగా, మెరుస్తూ, భరించలేని దుర్వాసనతో ఉంటుంది. తోడుగా కళ్ళు తిరగడం, నీరసం, గుండె వేగం, రక్తపు వాంతి ఉంటే ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఒళ్ళంతా దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరి అందకపోవడం, ఆగని నీళ్ళ విరేచనాలతో జ్వరం, చేతులూ కాళ్ళూ తిమ్మిరెక్కడం కనిపిస్తే మందు ఆపి డాక్టరును కలవాలి. మిగతా ఇబ్బందులకు ఆపకుండా ఓర్చుకోవడానికి దారులు ఉంటాయి. వికారానికి మాత్ర ఇవ్వవచ్చు. ప్రోబయాటిక్ తోడిస్తే విరేచనాలు కొంత తగ్గుతాయి. బాక్టీరియాను చంపే పని మాత్రం దానితో అవుతుందని అనుకోవద్దు.

గర్భిణులకు, 8 ఏళ్ళలోపు పిల్లలకు టెట్రాసైక్లిన్ ఇవ్వకూడదు. గర్భం సమయంలో ఈ చికిత్సను సాధారణంగా ప్రసవం తర్వాతికి వాయిదా వేస్తారు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్ళకు బిస్మత్, టెట్రాసైక్లిన్ రెండూ సమస్యే. ఆస్పిరిన్ పడనివాళ్ళకు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకు సబ్‌శాలిసిలేట్ బదులు సబ్‌సిట్రేట్ వాడాలి. ఇవేవీ మందుల దుకాణంలో అడిగి కొనుక్కుని సొంతంగా వేసుకునే మాత్రలు కావని వేరే చెప్పక్కర్లేదు.

నాలుగు మందులూ విఫలమైతే, లేదా కుదరకపోతే

వాడిన ప్రతి యాంటీబయాటిక్ పేరూ రాసుకోవాలి. క్లారిత్రోమైసిన్ గానీ లివోఫ్లాక్సాసిన్ గానీ ఒకసారి వాడి విఫలమైతే దాన్ని మళ్ళీ వాడకూడదు. అమాక్సిసిలిన్, టెట్రాసైక్లిన్, బిస్మత్‌లను మళ్ళీ వాడవచ్చు. మొదట మూడు మందుల కిట్ వాడి విఫలమైనవాళ్ళకు తర్వాతి మెట్టు పైన చెప్పిన నాలుగు మందుల కోర్సే. అదీ విఫలమైతే మూడు దారులు ఉన్నాయి.

మొదటిది వోనోప్రజాన్. జపాన్‌లో 2015 నుంచి వాడుకలో ఉన్న కొత్త రకం యాసిడ్ మందు ఇది. యాసిడ్ పంపు తెరుచుకునేదాకా ఆగనక్కర్లేదు, తిండితో సంబంధం లేదు, మొదటి రోజు నుంచే పీహెచ్‌ను బాగా పైకి లేపి రాత్రంతా నిలబెడుతుంది. 20 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, దానితో అమాక్సిసిలిన్ 1 గ్రాము మూడుసార్లు, 14 రోజులు. అమెరికా, యూరప్‌లలో జరిగి 2022లో వెలువడిన పరీక్ష ఫలితం ఇక్కడ చాలా నేర్పుతుంది. క్లారిత్రోమైసిన్‌కు లొంగని బాక్టీరియా ఉన్నవాళ్ళలో లాన్సోప్రజోల్‌తో మూడు మందుల కోర్సు 32 శాతం మందికే నయం చేసింది. అవే రెండు యాంటీబయాటిక్‌లు వోనోప్రజాన్‌తో ఇస్తే 66 శాతం. వోనోప్రజాన్, అమాక్సిసిలిన్ రెండే ఇస్తే 70 శాతం. యాసిడ్‌ను గట్టిగా ఆపడమే ఫలితాన్ని రెట్టింపు చేసింది. పనిచేయని క్లారిత్రోమైసిన్ జోడించినందువల్ల ఒరిగిందేమీ లేదు. అదే సమయంలో 70 శాతం కూడా సరిపోదని గుర్తుంచుకోవాలి. ఈ చికిత్సలో మంచి కోర్సు అనిపించుకోవాలంటే 90 శాతం దాటాలి.

అమాక్సిసిలిన్‌ను మూడుసార్లు ఎందుకంటున్నారంటే, అది రక్తంలో గంటకు సగం తగ్గిపోయే మందు. ఎంత మోతాదు పడిందన్నది కాదు, బాక్టీరియాను అణచే స్థాయికి పైన ఎంతసేపు నిలిచిందన్నదే దానికి ముఖ్యం. రోజుకు 3 గ్రాములను రెండుగా కాక మూడు, నాలుగు భాగాలుగా పంచడం అందుకే. వోనోప్రజాన్ లేనిచోట రాబెప్రజోల్ లేదా ఎసోమెప్రజోల్ పెద్ద మోతాదుతో, అమాక్సిసిలిన్ 750 మి.గ్రా. నాలుగుసార్లు ఇచ్చే జంట కోర్సు కూడా ఉంది.

రెండో దారి రిఫాబ్యుటిన్. 50 మి.గ్రా. మూడుసార్లు, అమాక్సిసిలిన్ 1 గ్రాము మూడుసార్లు, ఒమెప్రజోల్ 40 మి.గ్రా. మూడుసార్లు, 14 రోజులు. క్షయకు వాడే రిఫాంపిసిన్ కుటుంబానికి చెందినది ఇది. గుర్తించని క్షయ ఉన్నవాళ్ళకు ఈ మందు ఇస్తే క్షయ బాక్టీరియా రిఫాంపిసిన్‌కు లొంగకుండా తయారయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి ముందు దగ్గు, జ్వరం, బరువు తగ్గడం అడిగి తేల్చుకోవాలి. మూత్రం నారింజ రంగు కావడం మామూలు. తెల్లకణాలు తగ్గడం అరుదు. గర్భనిరోధక మాత్రలతో సహా చాలా మందుల బలాన్ని ఇది తగ్గిస్తుంది.

మూడోది లివోఫ్లాక్సాసిన్ 500 మి.గ్రా. రోజుకు ఒకసారి, అమాక్సిసిలిన్, పీపీఐతో. బాక్టీరియా దానికి లొంగుతుందని పరీక్షలో తేలితేనే. 60 దాటినవాళ్ళలో, స్టెరాయిడ్లు వాడేవాళ్ళలో స్నాయువులు తెగే ప్రమాదం ఉంది. గుండె లయ మారవచ్చు, మధుమేహం మందులు వాడేవాళ్ళలో చక్కెర పడిపోవచ్చు.

క్లారిత్రోమైసిన్, అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ మూడూ ఒకేసారి ఇచ్చే కోర్సు కొన్నిచోట్ల ప్రచారంలో ఉంది. పనిచేస్తుంది కూడా. కానీ అందులో ప్రతి రోగికీ కనీసం ఒక యాంటీబయాటిక్ అనవసరంగా పడుతుంది. ఎవరికి ఏది అనవసరమో తెలియదు, అంతే. నిరోధకత పెరిగిన కాలంలో ఇది మంచి పద్ధతి కాదని నా గట్టి అభిప్రాయం.

పెన్సిలిన్ పడదని రాసి ఉన్నవాళ్ళకు నాలుగు మందుల కోర్సు హాయిగా సరిపోతుంది, అందులో పెన్సిలిన్ లేదు. అది విఫలమైతే మాత్రం మిగిలిన దారులన్నిటిలోనూ అమాక్సిసిలిన్ ఉంటుంది. అప్పుడు అలర్జీ నిజమేనా అని పరీక్ష చేయించడం అవసరం. అలా రాసి ఉన్న పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి పరీక్షలో అలర్జీ ఉండదు.

రెండు కోర్సులు విఫలమయ్యాక మూడోది ఊహించి రాయకూడదు, బాక్టీరియా దేనికి లొంగుతుందో చూసి రాయాలి. ఎండోస్కోపీలో జీర్ణాశయం కింది భాగం నుంచీ పై భాగం నుంచీ, రెండుచోట్లా ముక్కలు తీయాలి. ఒకే కడుపులో ఒకచోట లొంగేది, ఇంకోచోట లొంగనిది ఉండవచ్చు. కల్చర్‌కు, అంటే ఆ ముక్కలోని బాక్టీరియాను ల్యాబ్‌లో పెంచడానికి, ఆక్సిజన్‌ను సుమారు 5 శాతానికి తగ్గించిన గాలి కావాలి, ఫలితానికి చాలా రోజులు పడుతుంది, ముక్క ల్యాబ్‌కు చేరేలోగా బాక్టీరియా చచ్చిపోతే కల్చర్ పెరగదు. జన్యు పరీక్ష దీనికంటే తేలిక. క్లారిత్రోమైసిన్, లివోఫ్లాక్సాసిన్‌ల నిరోధకతను కల్చర్ లేకుండానే బయాప్సీ ముక్క నుంచి, కొన్ని ల్యాబ్‌లలో మలం నుంచి కూడా చెప్పగలదు. మెట్రోనిడజోల్ విషయంలో ఈ పరీక్షల మాట అంత నమ్మదగినది కాదు.

పోయిందని ఎలా తెలుస్తుంది

నొప్పి తగ్గడం రుజువు కాదు. యాంటీబయాటిక్‌లు, బిస్మత్ ఆపిన కనీసం నాలుగు వారాల తర్వాత, పీపీఐ లేదా వోనోప్రజాన్ ఆపిన రెండు వారాల తర్వాత యూరియా శ్వాస పరీక్ష గానీ మల యాంటిజెన్ పరీక్ష గానీ చేయించాలి. తొందరపడితే అణిగి ఉన్న కొద్దిపాటి బాక్టీరియా పరీక్షకు అందదు, 'నెగెటివ్' అని తప్పుగా వస్తుంది. శ్వాస పరీక్షలో తాగించే యూరియాలో గుర్తుపట్టగల కార్బన్ ఉంటుంది. యూరియేజ్ ఉంటే అది విడిపోయి ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌గా బయటికొస్తుంది. కార్బన్-13 రకంలో రేడియోధార్మికత లేదు, కార్బన్-14 రకంలో అతి స్వల్పంగా ఉంటుంది. రక్తంలో యాంటీబాడీ పరీక్ష ఇక్కడ పనికిరాదు. బాక్టీరియా పోయాక కూడా నెలలు, ఏళ్ళ తరబడి పాజిటివ్‌గానే ఉంటుంది. దాన్ని చూసి అనవసరంగా మళ్ళీ కోర్సులు మింగినవాళ్ళు ఉన్నారు.

పరీక్షకు ముందు రెండు వారాలు పీపీఐ ఆపితే మంట తిరిగొస్తుందని భయం ఉంటే, ఆ మధ్యకాలానికి ఫామోటిడిన్ వాడుకుని పరీక్షకు ఒక రోజు ముందు ఆపవచ్చు.

పుండు చిన్నపేగు మొదటి భాగంలో ఉండి, రక్తస్రావం లాంటివి లేకపోతే, బాక్టీరియా పోయిందని తేలాక యాసిడ్ మాత్ర కొనసాగించనక్కర్లేదు. జీర్ణాశయంలోని పుండుకు 8 వారాల దాకా పీపీఐ ఇచ్చి, 8 నుంచి 12 వారాల మధ్య మళ్ళీ ఎండోస్కోపీ చేసి మానిందో లేదో చూడాలి. మానని పుండు క్యాన్సర్ కావచ్చు, దాని అంచుల నుంచి ముక్కలు తీసి పరీక్షించాలి. రక్తం పడిన పుండు అయితే బాక్టీరియా పోయిందని పరీక్షలో తేలేదాకా యాసిడ్ మందు రక్షణ తీసేయకూడదు; ఆ కొద్దికాలం పీపీఐ ఆపాల్సి వస్తే దాన్ని ఎలా సర్దాలన్నది డాక్టరు చూసుకుంటారు. రక్తం పడుతున్న సమయంలో చేసిన పరీక్ష నెగెటివ్ వస్తే నమ్మకుండా తర్వాత ఇంకోసారి చేయించాలి. నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, వాడుతూ ఉంటే బాక్టీరియా పోయినా పుండు తిరిగి రావచ్చు. వాటిని మానలేనివాళ్ళకు పీపీఐ కొనసాగించాల్సిందే.